ఎక్స్‌రే ఏసుపాదం మద్రాసు ప్రయాణం

గవర్నర్‌పేట ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు తీసేవాళ్ళు ఎందరున్నా ఎక్స్‌రే ఏసుపాదం మాత్రం ఒక్కడే. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆయనే అనేవాడు. అని ఊరుకోవడం కాదు, ఎదుటివాడు ఔననేదాకా వదిలేవాడు కాదు. ఇరవై రెండేళ్ళపాటు చీకటిగదిలో, ఎర్రబల్బు వెలుతురులో ఫిల్ములు కడిగి కడిగి ఆయన వేళ్ళ కొసలు గోధుమరంగుకు తిరిగిపోయాయి. పొద్దున్నే భవానీపురం నుంచి సైకిలు మీద వస్తుంటే దారిలో ఎవరైనా కుంటుతూ కనబడ్డారో, ఇక వాళ్ళ పని అయిందన్నమాటే. "ఎక్కడ పడ్డావు? ఫోటో తీయించావా?" అని అడిగి, లేదంటే క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తిన్నగా ఆసుపత్రికి లాక్కుపోయేవాడు.

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. చల్లపల్లి దగ్గర పల్లెలో అమ్మా నాన్నా నాట్లకీ కోతలకీ పోయేవాళ్ళు. ఇరవయ్యేళ్ళప్పుడు బెజవాడ వచ్చి ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేరి, నాలుగేళ్ళు స్ట్రెచర్లు తోశాడు. అప్పటి ఎక్స్‌రే మనిషికి చూపు మందగిస్తే, ఈ కుర్రాడి కన్ను చురుగ్గా ఉందని పెద్ద డాక్టరు ఆ గదిలోకి పంపాడు. లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ బయటికి రాలేదు. కొత్త డాక్టర్లు ఫిల్ము పట్టుకుని తల గోక్కుంటూ ఉంటే, ఏసుపాదం వెనక నుంచి వచ్చి వేలు పెట్టి చూపించేవాడు. వాళ్ళు థాంక్స్ చెప్పకపోతే మూడు రోజులు మొహం మాడ్చుకునేవాడు.

ఆయన విద్య మొత్తానికి సూత్రం ఒకటే. మనిషికి కుడీ ఎడమా ఉన్నాయి గదా, ఒక పక్కని రెండో పక్కతో పోల్చి చూడాలి. రెండూ ఒకేలా ఉంటే దేవుడు చేసినట్టే ఉన్నట్టు. తేడా ఎక్కడుందో జబ్బు అక్కడుంది. చెయ్యి విరిగిందని ఎవరైనా వస్తే, వద్దన్నా వినకుండా బాగున్న చెయ్యి కూడా ఫోటో తీసేవాడు. ఒకసారి లారీ డ్రైవరు మణికట్టులో వెంట్రుకంత పగులు ముగ్గురు డాక్టర్లకి దొరకనిది ఈయనకి దొరికింది, ఈ సూత్రంతోనే. ఆ కథ ఆసుపత్రిలో గోడలకి కూడా కంఠతా వచ్చు.

చల్లపల్లిలో ఆయన చెల్లెలు సువార్తమ్మ ఉండేది. ఆమెను మేనత్త కొడుక్కే ఇచ్చారు. అతను రైసుమిల్లులో మేస్త్రీ. వాళ్ళకి ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దవాడు తొమ్మిదేళ్ళప్పుడు పచ్చకామెర్లు వచ్చి, పసరు మందు పోయిస్తుండగానే పదిహేను రోజుల్లో పోయాడు. మిగిలింది రూతు ఒక్కతే. ఆ పిల్ల అంటే ఏసుపాదానికి ప్రాణం. తనకి పిల్లలు లేరు మరి. గుళ్ళో రూతు పాట ఎత్తుకుంటే, వెనక బెంచీలో కూర్చుని "మా మేనకోడలు" అని పక్కవాడికి చెప్పేవాడు. పక్కవాడు ప్రతిసారీ వినేవాడే అయినా సరే.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. చల్లపల్లిలో నీళ్ళు అంత రాలేదు గానీ గాలికి సువార్తమ్మ ఇంటి కప్పు లేచిపోయింది. రూతుకి అప్పుడు పద్నాలుగేళ్ళు. గోడ మూల తల్లిని కరుచుకుని రాత్రంతా గడిపింది. నాలుగు రోజుల తరవాత తిండిపొట్లాలు పంచేచోట ఆ పిల్ల చెయ్యి వణకడం అందరూ చూశారు. కంచం నిలవడం లేదు. చూసినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు: పిల్ల దడుచుకుంది. అన్నవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. ఆ నెలలో ఆ ప్రాంతంలో వణకని మనిషెవరు?

క్రిస్మస్ ముందు సువార్తమ్మ పిల్లని బెజవాడ తీసుకొచ్చింది. ఏసుపాదం తన చేతులతో బల్ల మీద పడుకోబెట్టి, తలకి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు తీశాడు. కడిగి, ఆరబెట్టకుండానే లైటుపెట్టెకి తగిలించి, కుడి పక్కా ఎడమ పక్కా చూశాడు. బత్తాయి పండు చీల్చినట్టు రెండూ సమానం.

"ఏమీ లేదు!" అని గది అదిరేలా అరిచాడు. "సువార్తా, పిల్ల తల బంగారంలా ఉంది. అంతా భయం. ధైర్యం చెప్పు, అదే పోద్ది."

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. చుట్టాల్లో ఏసుపాదం మాటకి తిరుగులేదు. ఆయన ఏమీ లేదన్నాడంటే ఏమీ లేనట్టే. మూడు నెలలకి వణుకు తగ్గకపోగా మాట ముద్దయ్యేసరికి, భయమన్నవాళ్ళే గారాబమన్నారు. ఆరు నెలలకి గారాబం కాస్తా నటన అయింది. బళ్ళో మేష్టారు చేతిరాత చూసి వెక్కిరించాడు. తండ్రి ఒకరోజు కంచం విసిరేశాడు. పైగా వాళ్ళ చేతిలో ఒక రుజువు కూడా ఉంది: పిల్ల నిద్రపోతే వణుకు పూర్తిగా ఆగిపోతుంది. "నిజంగా జబ్బయితే నిద్రలో మాత్రం ఎందుకు ఊరుకుంటది? మావయ్య తీసిన ఫోటోలోనే తెలిసిపోయింది" అనేవారు. ఏసుపాదం కూడా, ఒప్పుకోవాలి గదా, అదే అనేవాడు. కాకపోతే మెత్తగా అనేవాడు. నీరసం పోవాలని ఆదివారం ఆదివారం పిల్లకి మేక కార్జం పెట్టమని చెల్లెలికి డబ్బులు పంపేవాడు, పిల్ల వచ్చినప్పుడల్లా తనూ వేయించి పెట్టించేవాడు.

మరుసటి క్రిస్మస్‌కి రూతు భవానీపురం వచ్చేసరికి పాట లేదు. నోరు తెరిస్తే ఆ అన్న శబ్దమే గానీ మాట స్పష్టంగా రాదు. పెదవి మూల నుంచి చొంగ కారితే గబగబా చేత్తో తుడుచుకునేది, ఎవరూ చూడకూడదని.

పండగ మర్నాడు ఏసుపాదం పెరట్లోకి సైకిలు తుడవడానికి వెళ్ళాడు. వెనక వసారాలో రూతు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఆయన వచ్చింది చూడలేదు. జాకెట్టు బొత్తం పెట్టుకుంటోంది. చేతులు రెండూ రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. బొత్తం అంచుదాకా తీసుకొస్తుంది, జారిపోతుంది. మళ్ళీ తీసుకొస్తుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టుని పట్టుకుని గోడకి అదిమి, పళ్ళు బిగించి ప్రయత్నిస్తుంది. ఏసుపాదం గుడ్డముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చుట్టూ చూసేవాళ్ళు ఒక్కరు లేరు, మరి ఈ పిల్ల ఎవరికోసం నటిస్తున్నట్టు? అప్పటికప్పుడు లోపలికి పరిగెత్తి, "సువార్తా, చెప్పులేసుకో. ఆసుపత్రికి పోదాం" అన్నాడు.

ఆసుపత్రిలో తిరుపతిరావు అని కుర్ర డాక్టరు కొత్తగా చేరాడు. మద్రాసులో చదివొచ్చాడు. ఏసుపాదానికి ఆయనంటే పెద్దగా గిట్టదు, థాంక్స్ చెప్పే అలవాటు లేదని. అయినా ఆవేళ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిరుపతిరావు పిల్లని నడిపించాడు, చేతులు చాపించాడు, నాలుక చూశాడు, గంటసేపు పట్టుకుని వదల్లేదు. తరవాత ఏసుపాదం దాచిపెట్టుకున్న పాత ఫిల్ములు చూసి పక్కన పెట్టేశాడు.

"ఇందులో కనపడేది ఎముకండీ. మెదడు కనపడదు. గుమ్మడికాయ పైకి గుండ్రంగా ఉందని లోపల పురుగు లేదని చెప్పగలమా?"

ఏసుపాదం మొహం కందగడ్డయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ సంగతి ఆయనకి తెలియక కాదు. తెలిసిందాన్ని తలుచుకోవలసిన రోజున తలుచుకోలేదు, అంతే.

"మరి లోపలెట్లా చూస్తారండీ?"

"మద్రాసుకి కొత్త యంత్రం వచ్చింది. కంప్యూటర్ స్కాన్ అంటారు. అదీ ఎక్స్‌రేనే, కాకపోతే తల చుట్టూ తిరుగుతూ తీస్తుంది. మెదడుని అడ్డంగా పొరలు పొరలుగా చూపిస్తుంది. గడ్డేమన్నా ఉంటే అందులో పడుతుంది. ఇంకోటేదైనా ఉన్నా దారి తెలుస్తుంది."

"పొరలు పొరలుగానా? కొయ్యకుండానే?"

"కొయ్యకుండానే."

ఏసుపాదం భయం సగం అక్కడే ఎగిరిపోయి, దాని చోట్లో ఇంకోటేదో వచ్చి కూర్చుంది. ఇది చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ నిజం: చెల్లెలు గడ్డ అన్న మాట విని కొంగు నోట్లో కుక్కుకుంటుంటే, ఈయనకి మాత్రం ఆ యంత్రాన్ని ఎప్పుడు చూస్తానా అని అరికాళ్ళు దురదపెట్టాయి. ఆ వారమంతా కనబడ్డవాడికల్లా అదే కథ. టీ కొట్టువాడికి చెప్పాడు, మంగలికి చెప్పాడు, ఆదివారం గుడి బయట పాస్టరు గారికి చేతులు తిప్పి మరీ చూపించాడు. జనవరి రెండో వారంలో తిరుపతిరావు ఇచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని, చెల్లెల్నీ పిల్లనీ వెంటబెట్టుకుని రైలెక్కాడు.

మద్రాసు ఆసుపత్రిలో మెదడు, నరాల డాక్టరు ఒక పెద్దావిడ, వెంకటరత్నమ్మ గారు. నెల్లూరు మనిషి. తెలుగు వినపడగానే సువార్తమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆవిడ రూతుని చూసి, తిరుపతిరావు ఉత్తరం చదివి, ఎక్కువ మాట్లాడకుండా యంత్రం గదికి పంపింది.

ఆ గది చూసి ఏసుపాదం గుమ్మంలోనే ఆగిపోయాడు. చలవ గది. నడుమ పెద్ద తెల్లటి చట్రం, దాని మధ్య తల పట్టేంత గుండ్రటి కన్నం. అద్దం వెనక టీవీ పెట్టె, వరసగా మీటలు. అక్కడి టెక్నీషియన్ తమిళుడు, ఈయన తెలుగువాడు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ఇరవై ముక్కలు. అయినా అయిదు నిమిషాల్లో పెళ్ళికెళ్ళిన బావల్లా కలిసిపోయారు. ఒకేరకం గోధుమరంగు వేళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ముందు బొమ్మ టీవీలో పడుతుంది, తరవాతే ఫిల్ము మీదకి ఎక్కుతుందని వాడు చెబితే ఏసుపాదం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

రూతుని బల్ల మీద పడుకోబెట్టి తల కన్నంలోకి పంపారు. చట్రం టకటక తిరిగింది. బొమ్మ పడింది, గీతలు గీతలుగా, నీళ్ళలో కలిపిన సున్నంలా. తల కదులుతోంది మరి. ఇంకోసారి తీశారు. అదీ అంతే. పిల్ల కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. కదలకూడదని తనకీ తెలుసు. అప్పుడు వెంకటరత్నమ్మ గారు వచ్చి నిద్రకి ఇంజక్షను చేయించింది. పది నిమిషాల్లో రూతు కళ్ళు మూతలు పడ్డాయి. చేతులు ఆగాయి. ఏడాది నుంచి కొట్టుకుంటున్న ఆ చేతులు రెండూ దుప్పటి మీద పసిపిల్ల చేతుల్లా పడున్నాయి.

సువార్తమ్మ తల వంచుకుంది. "ఇదేనండీ డాక్టరుగారూ. నిద్రపోతే ఆగిపోద్ది. అందుకే అందరూ వేషాలంటారు. నేనూ రెండుసార్లు కొట్టాను."

"నిద్రలో మీరు మాట్లాడరు గదా, మీరు మూగవాళ్ళని అనుకోనా?" అంది ఆవిడ చర్రున. "ఇలాంటి వణుకులు నిద్రలో ఆగుతాయమ్మా. ఆగడమే జబ్బు లక్షణం. నటనా లేదు గిటనా లేదు."

సువార్తమ్మ ఆ మాట వింటూనే పమిట చెంగుతో మొహం కప్పుకుని అక్కడే కిందికి కూలబడింది. పద్నాలుగు నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

యంత్రం ఈసారి శుభ్రంగా తిరిగింది. అరగంటలో ఫిల్ము చేతికొచ్చింది. డాక్టరమ్మ ఇంకో రోగి కోసం పక్క వార్డుకి వెళ్ళింది. వచ్చేదాకా ఆగండి అన్నారు. ఆగే ముఖమా ఏసుపాదానిది? తమిళ తమ్ముణ్ణి బతిమాలి ఫిల్ముని లైటుపెట్టెకి తగిలించాడు. ఒకే ఫిల్ము మీద ఎనిమిది చిన్న బొమ్మలు. ఎనిమిది పొరలు. మనిషి తలకాయ లోపల ఇలా ఉంటుందా! కళ్ళజోడు తుడుచుకున్నాడు. సూత్రం ప్రకారం మొదటి బొమ్మ కుడి పక్క చూశాడు, ఎడమ పక్క చూశాడు. సమానం. రెండోది, మూడోది. సమానం. అయిదో బొమ్మలో నడిమధ్యకి అటొకటీ ఇటొకటీ చింతగింజల్లా నల్లటి నీడలున్నాయి గానీ, అవీ అచ్చంగా జోడే. ఒక దాని పక్కన ఒకటి పెట్టి కొలిచినా తేడా రాదు.

"గడ్డ లేదు!" అని గంతేసినంత పని చేశాడు. "సువార్తా! రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయి! ఏమీ లేదు! పిల్ల మెదడు సుబ్బరంగా ఉంది!"

చెల్లెలు ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. సువార్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. చూపులో ఒక్క రవ్వ సంతోషం లేదు.

"మళ్ళీ ఏమీ లేదేనా అన్నయ్యా?" అంది. "ఏమీ లేకపోతే దీనికి మందెవరిస్తారు? ఇంటికి తీసుకుపోయి ఏం చెయ్యమంటావు, మళ్ళీ కొట్టనా?"

ఏసుపాదం ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

అంతలో ఈ అరుపు విని వెంకటరత్నమ్మ గారు వచ్చింది. ఫిల్ము చూసింది. దగ్గరికి జరిగి అయిదో బొమ్మ ముందు ముక్కు ఆనేంతగా వంగింది. ఒక్కసారి నిటారుగా లేచి, "ఎవరండీ ఏమీ లేదంది?" అంది.

"నేనేనండీ," అన్నాడు ఏసుపాదం. "కుడి ఎడమలు పోల్చి చూశానండీ. తేడా లేదు."

"ఈ నల్ల నీడలు చూశారా?"

"చూశానండీ. రెండు పక్కలా ఉన్నాయి గదండీ."

"రెండు పక్కలా ఉండకూడనివండీ అవి! మన చేతుల్నీ మాటనీ అదుపులో పెట్టే భాగం అది. ఒక పక్క పాడైతే మీకు దొరికేది. రెండు పక్కలా ఒకే కొలతన పాడైంది కాబట్టి మీ కన్ను బాగుందనుకుంది. గడ్డ అయితే ఒక పక్కన ఉంటుంది. రెండు పక్కలనీ ఇలా సమానంగా తినేదేదో ఒంట్లోనే తయారవుతోంది." ఆవిడ గొంతులోనూ తొందర వినపడింది. కుర్చీ లాక్కుని సువార్తమ్మ ఎదురుగా కూర్చుంది. "అమ్మా, మీ ఆయనా మీరూ చుట్టాలా?"

"మా మేనత్త కొడుకేనండీ."

"పిల్లలెవరైనా పోయారా?"

"పెద్దోడు పోయాడండీ. తొమ్మిదేళ్ళప్పుడు."

"దేంతో?"

"పచ్చకామెర్లండీ."

వెంకటరత్నమ్మ గారు అరచేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. మరుక్షణంలో నర్సులు, చక్రాల కుర్చీ, పరుగులు. రూతుని నిద్ర మత్తులోనే కళ్ళ విభాగానికి తీసుకుపోయారు. పిల్లకి తెలివి వచ్చాక గడ్డం ఆనించే దీపం యంత్రం ముందు కూర్చోబెట్టారు. సువార్తమ్మ పిల్ల తల కదలకుండా పట్టుకుంది, ఏసుపాదం భుజాలు పట్టుకున్నాడు. డాక్టరమ్మ చూసి, పక్కకి జరిగి, "రండి, మీరూ చూడండి" అంది.

ఏసుపాదం కన్ను ఆనించాడు. నల్లగుడ్డు అంచు చుట్టూ, ఎవరో సన్న కుంచెతో గీసినట్టు, ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన వలయం. రెండో కంట్లోనూ అదే. ఈసారి రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయని ఆయన అనలేదు.

"రాగి," అంది వెంకటరత్నమ్మ గారు. "కళ్ళల్లో, మెదడులో, కాలేయంలో రాగి పేరుకుంది. మీ అబ్బాయిని తీసుకుపోయిందీ ఇదే అయుండాలి. వాడికి కాలేయం మీద పడింది, ఈ పిల్లకి మెదడు మీదకి వచ్చింది. రక్తం తీసి, ఒక రోజు మూత్రమంతా పట్టి రాగి ఎంత పోతోందో చూసి ఖాయం చేస్తాను. దారి చూపించింది మాత్రం ఈ ఫిల్మే."

"రాగేంటండీ?" అంది సువార్తమ్మ తెల్లబోయి. "మా ఇంట్లో రాగి చెంబు కూడా లేదు. అన్నీ సత్తుగిన్నెలేనండీ!"

"చెంబుల్లోంచి వచ్చింది కాదమ్మా. మనం తినే ప్రతిదాంట్లో రవ్వంత ఉంటుంది. ఒంటికి కావలసింది ఉంచుకుని మిగతాది కాలేయం బయటికి పంపేస్తుంది. ఈ పిల్ల కాలేయానికి ఆ పని పుట్టుకతోనే చేతకాదు. మీకూ మీ ఆయనకీ సగం సగం ఉన్న లోటు, బిడ్డ దగ్గర పూర్తయింది. ఎవరి తప్పూ కాదు. కాకపోతే రాగి ఎక్కువుండేవి పెట్టకూడదు. కార్జం, జీడిపప్పు, చాక్లెట్లు బంద్."

"కార్జమాండీ?" అన్నాడు ఏసుపాదం, నూతిలోంచి మాట్లాడినట్టు. "ఏడాది బట్టి వారం వారం కార్జం పెట్టించిందే నేనండీ. బలమని."

"పెట్టింది చాలు. ఇక మానండి."

"మందుందాండీ దీనికి?" సువార్తమ్మ అడిగింది. అడగడానికి ముందు కొంగు నడుముకి చుట్టి బిగించింది, పొలంలోకి దిగేదానిలా.

"ఉంది."

ఆ చిన్నమాట ఆ గదిలో ఎంత పని చేసిందంటే, సువార్తమ్మ "స్తోత్రం!" అని అరిచి డాక్టరమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది. ఏసుపాదం వరండాలోకి పరిగెత్తాడు. నలభై ఆరేళ్ళ మనిషి, జుట్టుకి రంగేసుకునే మనిషి, ఎదురొచ్చిన తమిళ టెక్నీషియన్‌ని పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. వాడు బిత్తరపోయాడు. ఈయన "మందుంది! మందుంది తమ్ముడూ!" అని తెలుగులో చెబితే, వాడు ఏమర్థం చేసుకున్నాడో గానీ తనూ పళ్ళికిలించి ఈయన వీపు మీద గట్టిగా చరిచాడు. గోడవారన కూర్చున్న రోగులు కూడా నవ్వేశారు.

మూడో రోజుకి పరీక్షలన్నీ వచ్చాయి. సందేహం లేదంది డాక్టరమ్మ. మందు పేరు పెన్సిలమైన్. ఒంట్లో రాగిని పట్టుకుని మూత్రంలో బయటికి తోసేస్తుంది. పరగడుపున వేసుకోవాలి, జీవితాంతం వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. మొదట్లో వణుకు ఎక్కువ కావచ్చు, భయపడి ఆపొద్దు, వెంటనే ఉత్తరం రాయండి అని మూడుసార్లు చెప్పింది.

ఆవిడ చెప్పినట్టే అయింది. మొదటి నెలలో రూతు మంచం మీంచి లేవలేకపోయింది. చల్లపల్లిలో ఇరుగుపొరుగు "మద్రాసు మందు పిల్లని మింగేస్తోంది" అన్నారు. ఏసుపాదం ప్రతి ఆదివారం పొద్దున్నే ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులో వచ్చి, గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళనల్లా తరిమాడు. డాక్టరమ్మకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆవిడ మందు తగ్గించి మెల్లమెల్లగా పెంచింది. వేసవి దాటింది. శ్రావణంలో ఒకరోజు రూతు గ్లాసెడు మజ్జిగ ఒలకకుండా తాగింది. సువార్తమ్మ ఆ ఖాళీ గ్లాసు పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగి చూపించింది. దసరా నాటికి పిల్ల తన జడ తనే వేసుకుంది. వంకరటింకరగా, అయినా తనే. మాట ఇంకా మందంగా ఉంది గానీ అర్థమవుతోంది. వినేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలంతే.

డెబ్బై తొమ్మిది నవంబరులో తల్లీ కూతుళ్ళు భవానీపురం వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన అయ్యాక ఏసుపాదం ఇంటికి నలుగురు చుట్టాలు భోజనానికి వచ్చారు. ఇంకేం, మద్రాసు కథ మొదలు. ఈ పది నెలల్లో ఆ కథకి కొత్త చిగుళ్ళు వేశాయి. యంత్రం గదంత పెద్దదైంది. నల్ల నీడల్ని ముందుగా వేలు పెట్టి చూపించింది ఏసుపాదమే అయ్యాడు. సువార్తమ్మ అన్నయ్యని చూసి నవ్వుకుంది.

"అసలు ఎట్లా మొదలైందనుకున్నారు?" అన్నాడు ఏసుపాదం, పీట మీద సర్దుకుని కూర్చుంటూ. "ఉప్పెన వచ్చి పోయిన నాలుగో రోజున..."

"కాదు మావయ్యా."

అందరూ తిరిగి చూశారు. రూతు గడప దగ్గర నిలబడి ఉంది.

"ఉప్పెన కాదు," అంది. ఒక్కో మాటా కూడదీసుకుని, బరువు మోసినట్టు మోసుకొచ్చి పెడుతోంది. "అంతకు ముందే. సెప్టెంబరులో. క్వార్టర్లీ పరీక్షల్లో, పెన్ను నిలబడలా. లెక్కల పేపరు సగమే రాశాను."

"ముందేనా?" అన్నాడు ఏసుపాదం. "మరి అప్పుడే చెప్పాలి గదమ్మా! ఉప్పెనకి ముందే అని తెలిస్తే భయమని ఎవడంటాడు? నేను మాత్రం ఊరుకునేవాడినా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పాను," అంది రూతు. "నీకే చెప్పాను. నీ ఎక్స్‌రే గదిలో, బల్ల మీద పడుకున్నప్పుడు. మావయ్యా, ఇది ముందు నుంచే ఉందీ అన్నాను. నువ్వు, మాట్లాడకు, కదిల్తే ఫోటో పాడవుద్దీ అన్నావు."

చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సువార్తమ్మ కూతుర్ని ఆపబోయి, ఏమనుకుందో మానేసింది.

ఏసుపాదానికి ఆ క్షణం గుర్తొచ్చింది. రాకపోతే బాగుండేది. ఇరవై ఏళ్ళుగా వేలమందితో అన్న మాట అది, పొద్దున లేచి మొహం కడుక్కున్నంత అలవాటుగా. అనేటప్పుడు ఆయన కళ్ళు మీట మీద ఉంటాయి, మనిషి మీద ఉండవు. పిల్ల నోరు తెరవడం చూశాడు. ఏం చెబుతోందో వినలేదు. ఆ తరవాత పదమూడు నెలలు. కంచాలు విసరడం, దెబ్బలు, గోడకి అదిమిన మణికట్టు, వారం వారం కార్జం.

పీట మీంచి లేచాడు. మూల ఉన్న కుర్చీ తెచ్చి గడప దగ్గర వేసి పిల్లని కూర్చోబెట్టాడు. తను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు చెప్పు తల్లీ," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పు."

రూతు మొదలుపెట్టింది. క్వార్టర్లీ పరీక్ష, లెక్కల మేష్టారు, ఉప్పెన రాత్రి, నాన్న విసిరిన కంచం, చర్చిలో పాట ఎత్తుకోబోతే గొంతు రాని ఆదివారం. కొన్ని మాటలు రెండుసార్లు అనవలసి వచ్చింది. ఎన్నాళ్ళ నుంచో లోపల దాచుకున్న పిల్ల, ఇప్పుడు ఎవరూ ఆపలేరన్నట్టు, మొహం వెలిగిపోతూ, ఎంగిలి మింగుతూ చెబుతూనే ఉంది. విస్తళ్ళలో అన్నం చల్లారిపోయింది. మధ్యలో ఒకచోట ఏసుపాదం, "అది కాదమ్మా, అప్పుడు నేనేమన్నానంటే..." అని అందుకోబోయాడు.

రూతు ఆగమని చెయ్యెత్తింది. చెయ్యి కాస్త వణికింది గానీ కిందికి దించలేదు. ఏసుపాదం నోరు మూసుకున్నాడు.